యెండను భయముచేత: రంగూన్ నుంచి వచ్చిన ఒక ఫొటో కార్డును చదివిన తీరు

మాస్టారు మొదటిసారి నా దగ్గరికి తెచ్చింది కార్డు కాదు, ఫ్రేము. 20×24 అంగుళాలది. దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. అందులో ఐదుగురున్నారు. కోటూ తలపాగాతో కుర్చీలో కూర్చున్న మగమనిషి, పక్క కుర్చీలో చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ, ఆ కుర్చీ చేతిని ఆనుకుని ఐదారేళ్ళ కుర్రాడు, ఈ చివర తెల్ల చీరలో నిలబడ్డ ఇంకో ఆవిడ. రంగులు వేసి ఉంది. మొహాలన్నీ సున్నిపిండి పెట్టి రుద్దినట్టు నున్నగా ఉన్నాయి. వాళ్ళబ్బాయి ఫోన్‌లో ఏదో యాప్‌తో బాగుచేయించి, పెద్దది ప్రింటు తీయించాడట.

"కింద పేర్లు, 1905, కాకినాడ అని వేయించాలండీ. ఒకసారి మీరు చూసి సరే అంటే వేయించేస్తాను" అన్నారు.

నేను చేసే పని పాత ఫొటోలు స్కాన్ చేసి భద్రపరచడం. అందులో సగం పని ఇలాంటిదే. ఇంట్లో ఒక కథ ఉంటుంది, దానికి ఫొటోను సాక్షిగా నిలబెట్టమంటారు. ఈ ఇంటి కథలో మూడు ముక్కలున్నాయి. ఫొటో 1905లో కాకినాడలో తీసింది. తెల్ల చీర ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట ఉండిపోయిన మేనత్త. కుర్రాడు మాస్టారి తాతగారు, ఆయనకి చిన్నప్పుడు కాళ్ళు సరిగా లేక నడక ఆలస్యమైంది. తాతగారు పుట్టింది 1909 అని స్కూలు సర్టిఫికెట్లో ఉంది కదా, మరి 1905 ఎలా కుదురుతుందని అడిగితే, "ఆ రోజుల్లో వయసు తగ్గించి వేయించేవారు కదండీ" అన్నారు. అది నిజమే. చాలామంది ఇళ్ళలో చూశాను. కాబట్టి ఆ సర్టిఫికెట్‌ను నేను కూడా గట్టి ఆధారంగా తీసుకోలేదు.

"అసలుది ఏది?" అన్నాను.

"బీరువాలో ఉంది. బాగా పాడైపోయిందండీ, అందుకేగా ఇది చేయించాం."

అసలుది చూడకుండా ఒక్క మాట కూడా చెప్పలేనన్నాను. వారం తర్వాత పాత డైరీలో పెట్టుకుని తెచ్చారు. మూడున్నర అంగుళాల వెడల్పు, ఐదున్నర అంగుళాల పొడవున్న పోస్టు కార్డు. పై ఎడమ మూల చిరిగి ఉంది. వెనక రాత ఉన్న సగంలో గోధుమరంగు మరక ఒకటి. స్టాంపు ఊడలేదు. బంధువు ఒకాయన స్టాంపులు పోగుచేస్తారట, నీళ్ళలో నానబెట్టి తీసిస్తానన్నారట. ఇవ్వకపోవడం మంచిదైంది.

ముందు బొమ్మ వైపు చూశాను. భూతద్దం కింద చుక్కలు లేవు, అంటే అచ్చుయంత్రం మీద వేసింది కాదు, ఫొటో కాగితం మీద నేరుగా కడిగిన ప్రింటు. నల్లటి భాగాల అంచుల్లో నీలివెండి మెరుపు తేలింది. వెండి ఉన్న కాగితం నూరేళ్ళు గాలి తగిలితే అలాగే అవుతుంది. అప్పట్లో స్టూడియోల వాళ్ళు పోస్టు కార్డు సైజులో కోసి, వెనక గీతలు అచ్చేసిన ఫొటో కాగితం వాడేవారు. నెగెటివ్‌ను దానికి ఆనించి ప్రింటు వేస్తే అదే ఫొటో, అదే ఉత్తరం. ఒకేసారి నాలుగైదు కాపీలు తీయించుకుని, వీలున్నప్పుడు ఒక్కొక్కటి పోస్టు చేసేవారు. అందుకని పోస్టు చేసిన తేదీ, ఫొటో తీసిన తేదీ ఒకటే కానక్కర్లేదు.

ఆడవాళ్ళిద్దరి పైటా ఎడమ భుజం మీదే ఉంది, కాబట్టి బొమ్మ కుడి ఎడమలు తిరగబడలేదు. వెనక తెర మీద స్తంభాలూ మెట్లూ రాసి ఉన్నాయి. కింద తివాచీ. మగమనిషి కోటు మీద గడియారం గొలుసు. ఆ గొలుసు చూసి మాస్టారు "మావాళ్ళు బాగా ఉన్నవాళ్ళే" అని మురిసిపోయారు. గొలుసు ఆయనది కావచ్చు, స్టూడియోది కావచ్చు. కోటుతో సహా అరువిచ్చే స్టూడియోలుండేవి. ఆ విషయం అప్పుడే చెప్పలేదు, తర్వాత కాగితం మీద రాసిచ్చాను.

గది చీకటి చేసి, టార్చిని బల్లకి ఆనించి పక్కనుంచి వెలుగు వేశాను. ముందునుంచి చూస్తే ఏమీ లేని కింది కుడి మూలలో గుంటల్లా ఇంగ్లీషు అక్షరాలు లేచాయి. స్టూడియో వాళ్ళు సిరా లేకుండా నొక్కిన ముద్ర అది. స్టూడియో పేరు అరిగిపోయింది. ఊరి పేరులో చివరి నాలుగు అక్షరాలు నిలిచాయి: జి, ఓ, ఓ, ఎన్. కాకినాడను ఇంగ్లీషు వాళ్ళు కొకనాడా అని రాసేవారు, అందులో ఈ అక్షరాలు ఈ వరసలో రావు. రంగూన్‌లో వస్తాయి.

"రంగూన్ అయితే బర్మా స్టాంపు ఉండాలి కదండీ. ఇది ఇండియా స్టాంపు" అన్నారు మాస్టారు. ఇంట్లో అందరూ ఇన్నాళ్ళూ కాకినాడ అనుకోవడానికి కారణం అదేనని అప్పుడు తెలిసింది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఉంది. అక్కడా ఇండియా స్టాంపులే, ఇక్కడి ధరలే. రంగూన్‌లో మన గోదావరి, విశాఖ జిల్లాల జనం ఎంతమందో ఉండేవారు. రేవులో, ధాన్యం మిల్లుల్లో ఎక్కువగా వాళ్ళే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. ఇది మాస్టారికి తెలుసు. ఆయనకి తెలియనిదల్లా తన ముత్తాత కూడా వాళ్ళలో ఒకరని.

ఇంకో సంగతి. అలా వెళ్ళినవాళ్ళలో చాలావరకు మగవాళ్ళే. ఒంటరిగా వెళ్ళి, రెండు మూడేళ్ళు కష్టపడి వెనక్కి వచ్చేవారు. పెళ్ళాం బిడ్డలతో స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగాడంటే ఈయన రేవులో మూటలు మోసే మనిషి అయ్యుండడు. గుమాస్తానో, కూలీలను తెచ్చే మేస్త్రీనో, చిన్న వ్యాపారస్తుడో. అందులో ఏదో ఈ కార్డు చెప్పదు.

స్టాంపు మీద అయిదో జార్జి బొమ్మ. బూడిద రంగు, పావు అణాది. అయిదో జార్జి బొమ్మతో ఇండియా స్టాంపులు మొదలైంది 1911లో. పోస్టు కార్డు ధర పావు అణా ఉన్నది 1922 దాకా, ఆ ఏడు అర్ధణా చేశారు. అంటే కార్డు పోస్టయింది ఈ పదకొండేళ్ళ మధ్య. 1905లో పోస్టు చేసింది కాదని ఇక్కడే తేలింది. చిరునామాలో "గోదావరి జిల్లా" అని మాత్రమే ఉంది, తూర్పూ లేదు, పశ్చిమా లేదు. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని విడిపోయింది 1925లో. అదీ సరిపోయింది. స్టాంపు మీది ముద్ర పాకిపోయి చదవరాలేదు. కార్డు చేరినచోట కొట్టిన ముద్రలో మాత్రం కొకనాడా అనీ నవంబరు అనీ తెలుస్తోంది. సంవత్సరం లేదు.

ఇక్కడ చిన్న హెచ్చరిక. పాత ఫొటో కార్డుల వయసు తేల్చడానికి, కార్డు వెనక స్టాంపు అంటించేచోట అచ్చేసిన గడిలో ఉండే త్రికోణాలూ చతురస్రాల పట్టిక ఒకటి అందరి దగ్గరా తిరుగుతుంటుంది. అది ఎక్కువగా అమెరికాలో అమ్మిన కాగితాల మీద కట్టిన పట్టిక. అది కూడా కాగితం తయారైన కాలం చెబుతుందే తప్ప ఫొటో తీసిన రోజు చెప్పదు. ఈ కార్డు గడిలో ఏ గుర్తూ లేదు, ఆ పట్టిక జోలికే పోలేదు.

ఇక రాత. సంవత్సరం అందులో ఉంది, కాకపోతే మన లెక్కలో. చిరిగిన మూల పక్కన "నంద సం॥ర కార్తీక శు॥ దశమి" అని మిగిలింది. ముందు అక్షరం చిరుగుతో పోయింది. అరవై సంవత్సరాల్లో "నంద" వచ్చేవి రెండు, నందన, ఆనంద. నందన అయితే "నంద" తర్వాత ఇంకో న ఉండాలి. ఇక్కడ నేరుగా "సం॥ర" వచ్చింది. కాబట్టి ఆనంద. స్టాంపు చెప్పిన పదకొండేళ్ళలో ఆనంద నామ సంవత్సరం ఒక్కటే, 1914 ఉగాది నుంచి 1915 ఉగాది దాకా. ఆ ఏటి కార్తీక శుద్ధ దశమి అక్టోబరు ఆఖరి వారంలో పడింది. కాకినాడ ముద్రలోని నవంబరు దానికి అతికినట్టు సరిపోయింది.

తేదీ తేలాక మిగతా ఉత్తరం సులువే అనుకున్నాను. ఏడు పంక్తులు. క్షేమ సమాచారాలు, ఫొటో పంపుతున్నాననే మాట, "చి॥సౌ॥" అని మొదలై పేరు మరకలో కలిసిపోయిన ఒక పంక్తి. నాలుగో పంక్తి దగ్గర ఆగిపోయాను. ఇంట్లోవాళ్ళు చదువుకున్నది ఇదీ: "యెండను భయముచేత పిల్లలు నడుచుట లేదు." ఎండకి భయపడి పిల్లలు నడవడం లేదట. తాతగారి కాళ్ళ కథ పుట్టింది ఇక్కడే. ఫ్రేములో చూస్తే కుర్రాడి కుడి పాదం వంకరగా ఉంది కూడా. రాతా బొమ్మా ఒకదానికొకటి సాక్ష్యం చెబుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

నేనూ రెండు రోజులు ఎండ అనే చదివాను. ఒప్పుకోవాలి.

"పిల్లలు" అన్న మాటలో కళ్ళకి కనిపించేది చివరి "లు" లాంటి ముక్క ఒక్కటే, మిగతాదంతా మరక. పిల్లలు అన్నది ఇంట్లోవాళ్ళు పూరించుకున్న మాట. మరక గోధుమరంగుది, సిరా నీలినలుపుది. స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలనూ విడదీసి ఎరుపు పొర ఒక్కటీ చూస్తే గోధుమరంగు పలచబడిపోతుంది, సిరా నిలబడుతుంది. ఖర్చు లేని పని, ఏ ఫొటో సాఫ్ట్‌వేర్‌లోనైనా అవుతుంది. అలా చూస్తే మొదట "స్టీ" కనబడింది. చివర ఉన్నది "లు" కాదు, "ర్లు". పంక్తి కిందకి ల వత్తు తోక సాగి ఉంది. స్టీమర్లు. యెండను భయముచేత స్టీమర్లు నడుచుట లేదు.

స్టీమర్లు ఎండకి భయపడటమేమిటి? అదీ కార్తీక మాసంలో?

అప్పుడు గాని వ్యాకరణం వైపు మనసు పోలేదు. తెలుగువాడెవడూ "ఎండను భయము" అని రాయడు. "ఎండ భయము" అంటాడు, "ఎండకు భయపడి" అంటాడు. ఆ "ను" విభక్తి కాదు, పేరులో భాగం. 1914 అక్టోబరు, బంగాళాఖాతం, స్టీమర్లు ఆగిపోవడం, "యెండను" అనే పేరు. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎమ్డెన్.

జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఆ సెప్టెంబరులో బంగాళాఖాతంలో చొరబడి సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచింది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుళ్ళు పేల్చి నూనె ట్యాంకులు తగలబెట్టింది. జనం మద్రాసు విడిచి పారిపోయారు. అది ఎప్పుడు ఎక్కడ తేలుతుందో తెలియక ఓడల రాకపోకలు తారుమారయ్యాయి. ఈ కార్డు రాసిన వారంలోనే, అక్టోబరు 28న, పెనాంగ్ రేవులో రష్యా నౌకను ముంచింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో దాని కథ ముగిసింది. ఈ కార్డు రాసే నాటికి అది ఇంకా సముద్రం మీదే ఉంది. రంగూన్‌లో కూర్చున్న తెలుగు మనిషి చెవిన పడ్డ పేరును చెవిన పడ్డట్టే యెండను అని రాశాడు. తర్వాతి పంక్తి, "సముద్రము సద్దుమణిగిన పిమ్మట వచ్చెదము", ఇంట్లోవాళ్ళు తుఫాను సంగతనుకున్నారు. కార్తీకంలో మన తీరానికి తుఫాన్లు మామూలే కాబట్టి ఆ పంక్తి ఒక్కటే ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయితే మా తాతగారి కాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" అన్నారు.

బాగానే ఉన్నాయని కార్డు చెప్పదు, బాగాలేవని కూడా చెప్పదు. కార్డు మీద కుర్రాడి కుడి పాదం వంకరగా లేదు, అలికినట్టుంది. కిటికీ వెలుగులో తీసే స్టూడియోల్లో ప్లేటుకి, అంటే ఫిల్ముకి బదులు కెమెరాలో పెట్టే గాజు పలకకి, వెలుగు చాలాలంటే మనిషి కదలకుండా నిలబడాలి. పిల్లల్ని కుర్చీకి ఆనించి నిలబెట్టేది అందుకే. వీడు పాదం కదిపాడు. అలికిన పాదం ఎలా ఉండాలో యాప్‌కి తెలియక తోచిన పాదం ఒకటి గీసి పెట్టింది. ఆ గీసిన పాదమే ఫ్రేములో వంకర పాదమైంది.

ఇంక తెల్ల చీర ఆవిడ. ఇంటి కథలో అన్నిటికన్నా బలంగా నిలిచిన ముక్క ఇది, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టాను.

ఆ కాలపు ప్లేట్లు మన కంటిలాగా చూడవు. ఎరుపు వాటికి దాదాపు కనపడదు, నల్లగా పడుతుంది. నీలానికి అతిగా స్పందిస్తాయి, లేత నీలం తెలుపులా వస్తుంది. కాబట్టి నలుపు తెలుపు ఫొటోలో తెల్లగా ఉన్న చీర తెల్ల చీరే అనడానికి లేదు. పోల్చి చూడటానికి పక్కనే నిజంగా తెల్లటి వస్తువు కావాలి. కూర్చున్నాయన పంచె ఉంది. స్కాన్‌లో కొలిస్తే, పూర్తి తెలుపు 255 అనుకుంటే, పంచె 230 దగ్గర ఉంది, చీర 185 దగ్గర. ఆవిడ వెలుగుకి దూరంగా నిలబడింది, కొంత తేడా అందువల్ల కావచ్చు. అయినా పంచె తెలుపు, చీర తెలుపు ఒకటి కాదు. అంచు బాగా నల్లగా ఉంది, ఎరుపు కావచ్చు. యాప్ మాత్రం చీరనీ అంచునీ కలిపి పాలనురగ రంగు వేసేసింది.

తర్వాత నుదురు. ఫ్రేములో ఆవిడకి బొట్టు లేదు. కార్డు మీద కనుబొమల మధ్య సూది మొనంత నల్ల చుక్క ఉంది. మరకో, ఈగ రెట్టో అయితే కాగితం పైన ఉండాలి. ఏటవాలు వెలుగులో చూస్తే పైన ఏమీ లేదు, చుక్క బొమ్మలోనే ఉంది. కుంకుమ ఎరుపు నల్లగా పడటం మామూలే. కూర్చున్నావిడ బొట్టు పెద్దది కాబట్టి యాప్ వదిలేసింది. ఈవిడ చిన్న బొట్టుని మచ్చ అనుకుని తుడిచేసింది.

అయినా చుక్క ఒక్కదాని మీద మాట నిలబెట్టలేను. పాదాల దగ్గరికి వెళ్ళాను. కుర్చీకి పక్కగా నిలబడింది కాబట్టి రెండు పాదాలూ కనిపిస్తున్నాయి. కార్డు మీద ఒక్కో పాదం అర సెంటీమీటరు కూడా లేదు. ఆ ముక్క ఒక్కటీ 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కల చొప్పున, స్కాన్ చేశాను. నెగెటివ్‌ను ఆనించి వేసిన ప్రింటులో సూక్ష్మం బాగా నిలుస్తుంది. రెండు పాదాలకీ రెండో వేలి మీద తెల్లటి మెరుపు, ఆవగింజలో పదో వంతు. ధూళి అయితే రెండు పాదాలకీ ఒకే వేలు చూసుకుని వాలదు. కూర్చున్నావిడ పాదానికి కూడా అదే వేలి మీద అదే మెరుపు. మట్టెలు.

అన్ని ఇళ్ళ ఆచారం ఒకటి కాదు కాబట్టి మాస్టారినే అడిగాను. "మా ఇళ్ళలో భర్త పోతే మట్టెలు ఉంచరు" అన్నారు. అని, స్క్రీన్ వైపు చాలాసేపు చూశారు. "మరి ఈవిడెవరండీ?"

తెలియదు. ఉత్తరంలో "చి॥సౌ॥" అని ఉన్నది ఈవిడ గురించా అని ఆయన ఆశపడ్డారు. సౌభాగ్యవతి అని విధవరాలికి రాయరు, ఆ మాట నిజమే. కానీ ఫొటోలో మట్టెలున్న ఆడవాళ్ళు ఇద్దరున్నారు. ఆ పంక్తి ఎవరిదో మరక చెప్పనివ్వడం లేదు. ఎరుపు పొరలో చూసినా పేరు చివరి "మ్మ" తప్ప ఏమీ తేలలేదు. మన ఆడవాళ్ళ పేర్లలో సగం "మ్మ"తోనే ముగుస్తాయి. కోడలి చెల్లెలు కావచ్చు, అన్న దగ్గరికి భర్తతో వచ్చిన చెల్లెలు కావచ్చు, పక్కింటి ఇల్లాలు కూడా కావచ్చు. పరదేశంలో పక్కింటివాళ్ళతో కలిసి ఫొటో దిగడం వింతేమీ కాదు.

కార్డుని ఆమ్లం లేని కాగితంలో పెట్టి, పైన పారదర్శకమైన పాలిస్టర్ తొడుగు వేసి ఇచ్చాను. పాత పాలిథీన్ కవరు తీసేశాను. ముందూ వెనకా ఉన్నదున్నట్టు చేసిన స్కాన్లు, గీతలు మాత్రం తుడిచిన ఇంకో ప్రతి, దాంతోపాటు రెండు పేజీల కాగితం ఇచ్చాను. అందులో కార్డు మీద కనిపించేది ఒక రంగులో, నేను ఊహించింది ఇంకో రంగులో, ఇంట్లో చెప్పుకునేది మూడో రంగులో రాశాను. ఫొటో కింద వేసుకోవడానికి ఇలా రాసిచ్చాను: "రంగూన్, 1914 అక్టోబరు లేదా అంతకు ముందు. నిలబడిన స్త్రీ సుమంగళి, పేరు తెలియదు." కుర్రాడి దగ్గర "తాతగారు (ఇంటి మాట)" అని పెట్టాను. కార్డు మీద అతని పేరు ఎక్కడా లేదు. మాస్టారు ఆ బ్రాకెట్లు తీసెయ్యమని రెండుసార్లు అడిగారు. నేను తియ్యలేదు. ఆయనే దిద్దుకోవచ్చు, ఆ కాగితం ఆయనదే.

మొన్న వాళ్ళ మనవరాలి బారసాలకి పిలిస్తే వెళ్ళాను. హాల్లో ఇంకా ఆ యాప్ బొమ్మే ఉంది, పాలనురగ చీరా, వంకర పాదమూ అలాగే. "పిల్లాడు డబ్బు పెట్టి చేయించాడు కదండీ, తీసేస్తే బాధపడతాడు" అన్నారు మాస్టారు మెల్లిగా. దాని పక్కన, కరెంటు మీటరు పైన, చిన్న ఫ్రేములో ఆవిడ పాదాల ముక్క ఒక్కటీ ప్రింటు తీయించి పెట్టారు.